అమ్మాయి అడ్డుపడింది లెక్క దగ్గర, చదువు దగ్గర కాదు

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. గామా ప్రయర్, క్రెడిబుల్ ఇంటర్వెల్ లెక్కలు రావడం లేదని ఏడుస్తోంది. మానిపించి బెంగళూరులో మూడు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటారా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, గుత్తి

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, ఈ చదువుతో అమ్మాయికి ఉద్యోగం రాదేమోనన్న దిగులే మీ ఉత్తరంలో ఎక్కువగా కనిపించింది. ముందు ఆమెను భయపెడుతున్న లెక్కను మీరే ఒకసారి చూడండి.

బోరు మోటార్లు ఎనిమిది, కాలిపోయేలోగా మొత్తం కలిపి 40 ఏళ్లు నడిచాయనుకుందాం. పదేళ్ల నడకకు రెండు కాలిపోతాయన్నది మెకానిక్ పాత అనుభవం. కొత్త లెక్క చూడకముందున్న ఆ నమ్మకమే గామా (2, 10) ప్రయర్. రెండుకు ఎనిమిది, పదికి నలభై కలిపితే లెక్క చూశాక సవరించుకున్న నమ్మకం, అంటే పోస్టీరియర్, గామా (10, 50) అవుతుంది. కాలిపోయే రేటు సగటున ఏడాదికి 0.2, దాని 95 శాతం క్రెడిబుల్ ఇంటర్వెల్ సుమారు 0.096 నుంచి 0.342 వరకు. ఆ ప్రయర్‌నూ, మోటారు ఎంత పాతదైనా కాలిపోయే రేటు మారదనే ఎక్స్‌పొనెన్షియల్ నమూనానూ ఒప్పుకుంటే, అసలు రేటు ఈ హద్దుల మధ్య ఉండే సంభావ్యత 95 శాతమని నేరుగా చెప్పవచ్చు. మామూలు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గురించి అలా చెప్పకూడదు.

చాలామంది పిల్లలు తడబడేది గామా రెండో పరామితి, అంటే పై లెక్కలో 10, 50 ఉన్న చోటు దగ్గరే. దానిని కొన్ని పుస్తకాలు రేటుగా, కొన్ని స్కేలుగా రాస్తాయి. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో రెండో స్థానంలో ఇచ్చేది రేటు, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని సైపై లైబ్రరీలో అడిగేది స్కేలు. ఒకటి మరొకదానికి విలోమమని తెలియక జవాబు తప్పితే, అమ్మాయి తన తెలివినే అనుమానించుకుంటుంది. ఎక్కడ ఆగిపోయావమ్మా అని ఒక్కసారైనా అడిగారా? అడగకుండానే కోర్సు ఫీజు కనుక్కోవడం, నొచ్చుకోకండి, తండ్రిగా మీ తొందరపాటు.

ఆ మూడు నెలల కోర్సుల మీద నాకు గట్టి సందేహమే ఉంది. ఇంటర్వెల్ హద్దులను సాఫ్ట్‌వేర్ ఒక్క వరుసలో ఇస్తుంది. ఎక్స్‌పొనెన్షియల్ నమూనా ప్రకారం పదేళ్లు నడిచిన మోటారుకూ నిన్న దించిన మోటారుకూ రేపు కాలిపోయే అవకాశం సమానమే. వైండింగ్ అరిగిపోయిన మోటారుకు అది వర్తిస్తుందా అని అడగడం ఆ సాఫ్ట్‌వేర్ నేర్పదు, మీ అమ్మాయి ఇప్పుడు కష్టపడుతున్న పాఠమే నేర్పుతుంది. బీమాకూ, ఔషధ పరీక్షలకూ, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కూ ఇదే పునాది. పైథాన్ కావాలంటే వేసవి సెలవుల్లో నేర్చుకోవచ్చు, చదువు ఆపనక్కరలేదు.

ఈ వారం పై మోటార్ల లెక్కను ఆమె చేత చేయించి, ఏ మెట్టులో ఆగిందో నాకు రాయించండి.