తెల్లవారుజాము కల గురించి పెరంబూరు సోదరికి

నమస్కారమండీ. పళ్ళు ఊడిపోయినట్లు తెల్లవారుజామున పదేపదే కల వస్తోందనీ, అది పెద్దవారికి కీడని మీ అత్తగారు అనడంతో నెల్లూరులోని నాన్నగారి గురించి బెంగ పట్టుకుందనీ రాశారు. ఆ భయం అక్కరలేదు. 1953లో నిద్ర పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించిన, కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశ సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది, రాత్రి గడిచేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. స్పష్టమైన కలలు ఎక్కువగా అందులోనే వస్తాయి కనుక వేకువన లేచేవారికి ఆఖరి కలే గుర్తుంటుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న మన నమ్మకానికి ఇదే మూలమని నా అభిప్రాయం.

కల అణచుకున్న కోరికకు మారురూపమని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ అన్నారు. లోపల పుట్టే సంకేతాలకు మెదడు అల్లే కథ అని 1977లో మనోవైద్యులు హాబ్సన్, మెకార్లీ ప్రతిపాదించారు. నిద్రలో శరీరానికి తెలిసే నొప్పి, ఒత్తిడి కూడా ఆ కథలో చేరవచ్చు. ఉదయం దవడ నొప్పిగా ఉంటోందని మీరే రాశారు కదా, నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో చెన్నైలోనే ఒక దంతవైద్యునికి చూపించండి. ఈలోగా ఆ కలకు మీకు నచ్చిన ముగింపు రాసుకొని, పగటిపూట రోజూ కాసేపు ఊహించుకోండి. పీడకలల చికిత్సలో వాడే పద్ధతే ఇది. నాన్నగారితో ఈ రాత్రే ఫోనులో మాట్లాడండి, బెంగ కొంత తగ్గుతుంది.