మెల్‌బోర్న్ చైల్డ్‌కేర్ జీతాల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: మావారు ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నారు. డిపెండెంట్ వీసా మీద మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటున్నాం. ఇండియాలో బీఈడీ చేసి కొన్నాళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. ఇక్కడ మన తెలుగు ఆడవాళ్లు చాలామంది చైల్డ్‌కేర్‌లో చేస్తున్నారని విని వాట్సాప్ గ్రూపులో జీతం గురించి అడిగాను. ఒకరు గంటకు 40 డాలర్లన్నారు, ఇంకొకరు 32 అన్నారు, మూడో ఆవిడ 28 దాటదు అంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉంటారు. ఎవరూ పూర్తిగా చెప్పలేదు, అంతే.

40 అన్నావిడ బహుశా క్యాజువల్‌గా చేస్తూ ఉంటుంది. క్యాజువల్‌కి మామూలు రేటు మీద 25 శాతం కలిపి ఇస్తారు. 32కి పాతిక శాతం కలిపి చూడండి, సరిగ్గా 40 అవుతుంది. అంటే మొదటి ఇద్దరిదీ ఒకే పని, ఒకే లెవెల్ కావచ్చు. ఆ ఎనిమిది డాలర్లకు బదులు ఆవిడకు ఏడాదికి నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు లేదు, పది రోజుల సిక్ లీవ్ లేదు, పని లేని పబ్లిక్ హాలిడేకి పైసా రాదు. మంగళ, బుధ, గురువారాలు సెంటర్లు కిటకిటలాడతాయి, సోమ, శుక్రవారాలు పిల్లలు పల్చబడతారు. మధ్యాహ్నం కొంతమంది పిల్లల్ని తీసుకెళ్లగానే రెండు రూములు కలిపేసి, క్యాజువల్ ఆవిడతో "ఇక నువ్వు వెళ్లొచ్చు" అంటారు. ఎంత తొందరగా పంపినా రెండు గంటల జీతం ఇచ్చి తీరాలి, కానీ ఆ రెండు గంటల కోసం టార్నీట్ నుంచి సిటీకి రైలెక్కి వెళ్లినావిడకు మిగిలేది ఎంత? క్రిస్మస్ నుంచి జనవరి మధ్య దాకా ఫోనే రాదు. అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది. నన్నడిగితే, మొదటి ఆరు నెలలు నాలుగు సెంటర్లు చూడ్డానికి క్యాజువల్ మంచిదే. ఆ తర్వాత పర్మనెంట్ పార్ట్‌టైమ్ దొరికితే వదలొద్దు.

ఇక 28 అన్నావిడ దగ్గర సర్టిఫికెట్ ఇంకా లేకపోయి ఉండొచ్చు. ఇక్కడ జీతం బేరమాడి తెచ్చుకునేది కాదు. చిల్డ్రన్స్ సర్వీసెస్ అవార్డ్ 2010 అని దేశమంతటికీ ఒకటే పట్టిక ఉంది, అందులో మీ లెవెల్ ఏదో అదే మీ కనీస జీతం. చదువు లేకుండా చేరితే కింది లెవెల్, సర్ట్ 3 (చైల్డ్‌కేర్ మొదటి సర్టిఫికెట్ కోర్సు) పూర్తయితే దాని పైది, డిప్లొమాతో రూమ్ లీడర్ పోస్టులో వేసుకుంటే ఆ పైన. డిప్లొమా చేతిలో ఉన్నంత మాత్రాన ఆ రేటు రాదు, ఆ పోస్టు ఇవ్వాలి. సిటీ నడిబొడ్డున రోజుకు ఫీజు దండిగా వసూలు చేసే సెంటర్లో కూడా, అవార్డ్ మీద నడిచేదైతే, దూరపు శివారు మెల్టన్‌లో ఉన్న సెంటర్ ఇచ్చే రేటే ఇవ్వొచ్చు. పిల్లలు మీ వెంటే తిరుగుతారు, తల్లులు మిమ్మల్నే అడుగుతారు, అయినా దానికి విడిగా డబ్బు రాదు. అన్యాయమే, కానీ పద్ధతి అది.

ఇంత కష్టమైన పనికి జీతం ఎందుకింత తక్కువ అని చేరిన వారంలోనే మీరూ అంటారు. లెక్క చూడండి. విక్టోరియాలో మూడేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్, మూడు దాటితే పదకొండు మందికి ఒకరు ఉండాలని చట్టం. బేబీ రూములో ఆ నలుగురి ఫీజులోంచే మీ జీతం, మీ సూపర్ (మన పీఎఫ్ లాంటిది) 12 శాతం, బిల్డింగ్ అద్దె, వంటావిడ జీతం, మీరు టీకి వెళ్లినప్పుడు వచ్చి నిలబడే మనిషి జీతం అన్నీ రావాలి. ఐటీలోలా ఒక్కరే పదిమంది పని లాగేసే వీలు లేదు. జీతం పెంచాలంటే ఫీజు పెంచాలి, ఫీజు పెంచితే తల్లిదండ్రులు గగ్గోలు పెడతారు. దానికి తోడు ఆడవాళ్ల పని అన్న చిన్నచూపు. ఇది నా మాట కాదు, ఆడవాళ్లు ఎక్కువగా చేసే పని కావడం వల్లే ఈ అవార్డ్‌లో విలువ తగ్గించి కట్టారని అవార్డ్ రేట్లు నిర్ణయించే ఫెయిర్ వర్క్ కమిషనే 2025 ఏప్రిల్‌లో తేల్చింది.

అందుకే ప్రభుత్వం చెయ్యేసింది. వర్కర్ రిటెన్షన్ పేమెంట్ కింద 2024 డిసెంబరు 2 నుంచి అవార్డ్ మీద 10 శాతం, 2025 డిసెంబరు నుంచి మొత్తం 15 శాతం ఎక్కువ ఇవ్వడానికి సెంటర్లకు డబ్బిస్తోంది. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం అవార్డ్ రేటు మీదున్న మామూలు ఎడ్యుకేటర్‌కి మొదట వారానికి కనీసం 103 డాలర్లు, తర్వాత 155 పెరుగుతాయి. మెలిక ఏమిటంటే, సెంటర్ తనంతట తాను ఈ పథకంలో చేరాలి, ఫీజుల పెంపు మీద పరిమితికి ఒప్పుకోవాలి. మొదటి ఏడాది ఆ పరిమితి 4.4 శాతం. చేరని సెంటర్లో చేస్తే పక్కవీధిలో అదే పని చేసే ఆవిడ కంటే మీకు తక్కువ రావచ్చు. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కౌన్సిళ్లు, కమ్యూనిటీ సంస్థలు నడిపే కిండర్‌గార్టెన్‌ల సంగతి వేరు. వాటిలో చాలా చోట్ల విడిగా అగ్రిమెంట్ ఉంటుంది, రేట్లు అవార్డ్ కంటే మెరుగు, స్కూల్ టర్మ్ సెలవులు కూడా కలిసొస్తాయి. చారిటీ హోదా ఉన్న కొన్ని సంస్థల్లో శాలరీ ప్యాకేజింగ్ ఉంటుంది. అంటే జీతంలో ఏడాదికి 15,900 డాలర్ల దాకా పన్ను పడకుండా అద్దెకో ఈఎంఐకో వాడుకోవచ్చు. గంట రేటు ఒకటే అయినా చేతికొచ్చేది ఎక్కువ.

మీ బీఈడీ గురించి ఆశ పెట్టుకోకండి. అర్హతలు చూసే ఏసెక్వా వాళ్లు పుట్టినప్పటి నుంచి ఐదేళ్లలోపు పిల్లల గురించి ఏం చదివారు, ఆ వయసు పిల్లలతో ప్రాక్టికల్ చేశారా అని చూస్తారు. హైస్కూల్ బీఈడీలో అది ఉండదు. మీ డిపెండెంట్ వీసా మీద ఎంత కాలం చదవొచ్చో ముందు చూసుకుని, సర్ట్ 3తో మొదలుపెట్టండి. అందులో కనీసం 160 గంటల ప్లేస్‌మెంట్ (సెంటర్లో చేసే ప్రాక్టికల్) ఉంటుంది, మామూలుగా జీతం లేకుండానే. డిప్లొమాకి 280 గంటలు. కోర్సులో చేరగానే "చదువుతున్నారు" అన్న లెక్కలో కొన్ని సెంటర్లు ఉద్యోగం ఇస్తాయి, అలా దొరికితే నయం. మూడు వారాల్లో సర్టిఫికెట్ చేతికిస్తామనే కాలేజీ జోలికి మాత్రం వెళ్లొద్దు. 2024 చివరి నుంచి, ఇలాంటి కాలేజీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఆస్క్వా అలాంటి చోట్ల ఇచ్చిన వేల సర్టిఫికెట్లు రద్దు చేసింది, వాటిలో చైల్డ్‌కేర్‌వీ ఉన్నాయి. కాగితం పోతే లెవెల్ పోతుంది. సర్టిఫికెట్ వచ్చిన రోజే మేనేజర్‌కి ఈమెయిల్ చెయ్యండి. నోటిమాటగా చెబితే పాత రేటే నెలల తరబడి సాగుతుంది.

మాస్టర్స్ చేసేవాళ్ల భార్యాభర్తలకు గంటల పరిమితి లేదు కాబట్టి మీకు ఫుల్‌టైమ్ వీలే. మీవారిలా మీరూ స్టూడెంట్ అయితే క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే, అప్పుడు గంట రేటు ఎంతున్నా నెల జీతానికి హద్దు అక్కడే పడుతుంది.

చిన్నపిల్లలుంటే మాత్రం ముందు ఇంకో లెక్క వేసుకోండి. స్టూడెంట్ వీసా కుటుంబాలకు సాధారణంగా చైల్డ్ కేర్ సబ్సిడీ రాదు. మీ బిడ్డను వేరే చోట పూర్తి ఫీజుకి వదిలి, మీరు ఇంకొకరి బిడ్డను చూసుకుంటే రోజు సంపాదనలో సింహభాగం అక్కడే పోతుంది. స్టాఫ్ డిస్కౌంట్ ఇచ్చే సెంటర్లు చాలానే ఉన్నాయి. గంటకు ఓ డాలర్ తక్కువైనా మంచి డిస్కౌంట్ ఉన్నదే మీకు లాభం కావచ్చు.

ఆఫర్ లెటర్లో మీ లెవెల్, పర్మనెంటా క్యాజువలా, వారానికి గ్యారంటీగా ఎన్ని గంటలు అన్నవి రాసి ఉండాలి. రూమ్ ప్రోగ్రామ్ రాసే బాధ్యత మీ మీద పెడితే దానికి వారానికి కనీసం రెండు గంటలు పిల్లలకు దూరంగా, డ్యూటీలోనే ఇవ్వాలి. రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో కూర్చుని రాసే అలవాటు చేయొద్దు. పేస్లిప్‌లో సూపర్ కనిపించిందంటే మీ ఖాతాలో పడిందని అర్థం కాదు, ఫండ్ యాప్ తెరిచి చూసుకోండి. రేటు తేడాగా అనిపిస్తే ఫెయిర్ వర్క్ ఓంబుడ్స్‌మన్ వాళ్ల వెబ్‌సైట్‌లో పే కాలిక్యులేటర్ ఉంది. అక్కడ కూడా తేడా వస్తే 13 13 94కి ఫోన్ చెయ్యండి. ఇంగ్లిష్‌లో చెప్పుకోవడం టెన్షన్ అనుకుంటే ముందు ప్రభుత్వ అనువాద సేవ 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, వాళ్లే లైన్ కలుపుతారు.