పాత పికప్‌కు ఎత్తు ముందా, మరమ్మతు ముందా?

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో తాడ్వాయి దగ్గరి పల్లె. మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, వానకాలంలో వాగులు, బురద దారులు దాటేలా చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఎత్తు సంగతి తర్వాత చూద్దాం. ముందు బండిని లేపి ఛాసిస్ తుప్పును, కమాన్ కట్టల్లో (బరువు మోసే స్ప్రింగ్ పట్టీల కట్టల్లో) విరిగిన పట్టీలను, వాటిని ఇరుసుకు బిగించే యూ బోల్టులను పరిశీలించండి. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ప్లగ్ విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే, నీళ్లు చేరినట్టే. వేడెక్కిన ఆ పెట్టె వాగులో ఒక్కసారిగా చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీళ్ల గుండా, బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీటిని లాక్కుంటుంది. కనుక ఆయిల్, సీళ్లు మార్చి, బ్రీదర్‌కు గొట్టం తగిలించి, దాని కొసను ఇంజిన్ గది పైభాగం దాకా తెచ్చి కట్టించండి. ఖర్చు స్వల్పమే అయినా, మీ దారులకు పెద్ద టైర్ల కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు శక్తిని చేర్చే పొడవాటి కడ్డీ) కోణం మారి, దాని కొసల్లోని క్రాస్ జాయింట్లు త్వరగా అరుగుతాయి. పెద్ద టైర్లతో బ్రేకుల పట్టు తగ్గి, క్లచ్‌పై భారం పెరుగుతుంది. పైగా, ఆర్‌సీ వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ సాధారణంగా అనుమతించదు. కంపెనీ చెప్పిన సైజులోనే లోతైన గాడులున్న బురద టైర్లు వేయించుకోండి.