ఎనిమా మందు సంగతి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

పేగు పుండ్లకని మలద్వారం గుండా ఎక్కించుకునే ఎనిమా ద్రవం గురించి, "రాత్రి పెట్టుకున్న మందు పొద్దున్నే బయటికి పోతే ఇక లాభమేంటి" అని నిన్న ఫోన్లో గొంతు తగ్గించి అడిగావు. ముప్పయ్యేళ్లు ఆసుపత్రి మందుల గదిలో నిలబడ్డవాణ్ణి, నా దగ్గర సిగ్గెందుకురా.

రాత్రంతా నిలిచిందంటే చాలు, దాని పని అది చేసుకుంది. అసలు చిక్కు వేరే ఉంది. నీ మందు బ్యూడెసొనైడ్ ఒక స్టిరాయిడ్, అంటే వాపు తగ్గించే మందు. పెద్దపేగు ఖాళీ గొట్టం కాదు. గ్రాము మలంలో పదివేల కోట్ల దాకా సూక్ష్మజీవులుంటాయి, వాటిలో కొన్ని స్టిరాయిడ్‌నీ వదలవు. క్లాస్ట్రిడియం సిండెన్స్ అని ఒకటుంది. హైడ్రోకార్టిసోన్ అనే మరో స్టిరాయిడ్ అణువుకున్న పక్క గొలుసును తెంపి, దాన్ని మగ హార్మోన్ల జాతి పదార్థంగా మార్చేస్తుంది. ఇక అది వాపు తగ్గించే మందు కాదు. సిండెన్స్ అంటే లాటిన్‌లో కోసేది అనే అర్థం, సరిగ్గా కుదిరింది పేరు!

అందుకే ముందు దొడ్డికి వెళ్లొచ్చి, ఆ తర్వాతే మందు పెట్టుకో. మలం ఎంత తక్కువుంటే మందు అంత నేరుగా పేగు గోడకు తగులుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకో. పెద్దపేగు చివరి భాగం అటే ఉంటుంది కనుక ద్రవం అటు పారుతుంది. సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టుకునే గుళిక అయితే పురీషనాళం (పేగు కొసన మలం నిలిచే చోటు) దాటదు. నీ పుండ్లు ఇంకా పైకి ఉన్నాయనే డాక్టరు ఎనిమా రాశారు.

నీ డబ్బాలో బ్యూడెసొనైడ్ మాత్ర వేరుగా, ద్రవం వేరుగా ఉన్నాయన్నావు. అది ద్రవంలో ఎక్కువకాలం చెడకుండా ఉండదు, అందుకే అలా ఇస్తారు. సాయంత్రమే కలిపి పెట్టుకుని, పడుకునేటప్పుడు వాడతానంటే కుదరదు. అప్పటికప్పుడు కలుపు, మాత్ర కరిగేదాకా బాగా ఊపు.

ఒంట్లోకి చేరిన బ్యూడెసొనైడ్‌ని కాలేయం తొంభై శాతం దాకా విరిచేస్తుంది. ఆ ధైర్యంతో రెండేసి పెట్టుకోకు. పురీషనాళం కింది భాగం నుంచి వెళ్లే రక్తం ముందు కాలేయానికి పోదు, నేరుగా ఒళ్లంతా తిరుగుతుంది. పెట్టుకున్న కాసేపటికే బయటికి వచ్చేసినా నీ అంతట నువ్వు మళ్లీ పెట్టుకోకుండా డాక్టర్ని అడుగు. నెత్తురు ఎక్కువైనా, జ్వరం వచ్చినా నాకు ఫోన్ చెయ్యడం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లు.

పక్క మీద పాత దుప్పటి మడిచి వేసుకో, మీ అమ్మ చీరలు పాడుచెయ్యకు.

నీ పెదనాన్న