లెక్కల పీహెచ్‌డీకి వెళ్తున్నారా? లైబ్రరీ సంగతి ఇప్పుడే తెలుసుకోండి

సందేహం: మాది హైదరాబాద్, తార్నాక. ఉస్మానియాలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయిపోయింది. ఆగస్టులో అమెరికాలో పీహెచ్‌డీలో చేరుతున్నాను. నంబర్ థియరీ అంటే ఇష్టం. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో రీసెర్చ్ పేపర్లు ఎలా వెతుక్కోవాలండీ? పుస్తకాలు ఇక్కడే కొనుక్కుని వెళ్లాలా?

జవాబు: పుస్తకాలు మోసుకుపోకండి. కోఠిలో కొన్నవాటిలో మీరు గీతలు గీసి, అంచుల్లో రాసుకున్నవి ఒకటో రెండో చాలు. సూట్‌కేసులో మిగిలిన బరువు పచ్చళ్లకి వదిలేయండి, అమ్మ ఎలాగూ వదలదు.

అక్కడ చాలా లైబ్రరీల్లో లెక్కల పుస్తకాలు క్యూఏ అనే అక్షరాల కింద ఉంటాయి. మన లైబ్రరీల్లో లెక్కల పుస్తకాలకి వేసే, మనకు అలవాటైన 510 నంబరు (డ్యూయీ పద్ధతిది) కనబడలేదని కంగారు పడొద్దు. నంబర్ థియరీకి క్యూఏ 241 దగ్గర చూడండి. కావలసిన పుస్తకం దొరికినా వెంటనే వచ్చేయకుండా, దాని పక్కనున్నవీ తిరగేయండి.

పేపర్ల దగ్గరే అసలు పని ఉంది. గూగుల్‌లో నాలుగు మాటలు కొట్టి, దొరికిన పీడీఎఫ్‌లన్నీ ల్యాప్‌టాప్‌లో కుక్కుకోవడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. దానివల్ల ఫోల్డర్ నిండుతుందే గానీ, ఏ ఫలితం ఎవరు ముందు సాధించారో తెలియదు. అందుకు మ్యాథ్‌సైనెట్ ఉంది. అమెరికన్ మ్యాథమేటికల్ సొసైటీ 1940లో మొదలుపెట్టిన సమీక్షలన్నీ అందులోనే ఉంటాయి. డబ్బు కట్టాల్సింది యూనివర్సిటీ, మీరు కాదు. పేపర్ పేరు కొట్టగానే, చాలావాటికి ఇంకో గణితవేత్త రాసిన చిన్న సమీక్ష కనిపిస్తుంది. చాలాసార్లు పేపర్ కంటే ముందు అది చదివితేనే మేలు. తర్వాత, ఆ పేపర్‌ని ఎవరెవరు ఉదహరించారో చూడండి. దాని మీద ఇప్పుడు ఎవరు పని చేస్తున్నారో తెలుస్తుంది. సబ్జెక్టు కోడ్‌తో కూడా వెతకొచ్చు, నంబర్ థియరీది 11.

పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారినే తీసుకోండి. హెచ్‌సీయూ క్యాంపస్‌లో ఆయన పేరు మీద ఓ సంస్థ ఉందని మీకు తెలిసే ఉంటుంది. మన లెక్కన ఇంటిపేరు కల్యంపూడి, కానీ కేటలాగుల్లో ఆయన ‘రావు’ కింద ఉంటారు. అంతమంది రావుల్లో మనకు కావలసినవారిని పట్టుకోవాలంటే, మ్యాథ్‌సైనెట్‌లో ఒక్కో రచయితకీ విడిగా ఇచ్చే నంబరే దిక్కు.

ఆయన ప్రసిద్ధ పేపర్ 1945లో కలకత్తా మ్యాథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. అంత పాత సంచిక మీ లైబ్రరీలో లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో అడగండి. వాళ్లు వేరే యూనివర్సిటీ నుంచి స్కాన్ తెప్పించి మెయిల్‌కి పంపిస్తారు. చాలాచోట్ల విద్యార్థులకి ఉచితమే. అన్నట్టు, ఈ పేపర్‌ని 1992లో ఓ స్ప్రింగర్ సంకలనంలో మళ్లీ వేశారు. ఇలాంటి దగ్గరి దారులు లైబ్రేరియన్లకి ఇట్టే తడతాయి. పెద్ద యూనివర్సిటీల్లో లెక్కలు చూసే లైబ్రేరియన్ ఒకరు ఉంటారు. పేరు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, మెయిల్ పెట్టి టైమ్ అడగండి. ‘ఇంత చిన్న విషయానికి అడిగితే ఏమనుకుంటారో’ అన్న మొహమాటం మనవాళ్లకి ఎక్కువ. ఆవిడకో ఆయనకో జీతం ఇచ్చేదే అందుకు.

ఒక హెచ్చరిక: లైబ్రరీ లాగిన్‌తో ఏదో ప్రోగ్రామ్ రాసి జర్నల్ మొత్తాన్ని ఒకేసారి దించుకోవద్దు. పబ్లిషర్లు కనిపెట్టి యూనివర్సిటీ మొత్తానికీ యాక్సెస్ ఆపేస్తారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఆగస్టు దాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మ్యాథ్‌సైనెట్ లాంటిదే జర్మనీవాళ్ల జెడ్‌బీమ్యాథ్, 2021 నుంచి అందరికీ ఉచితం. పరిశోధకులు తమ పేపర్లని జర్నల్లో రాకముందే పెట్టే వెబ్‌సైట్ ఆర్‌కైవ్ (arXiv), 1991 నుంచి నడుస్తోంది, అదీ ఉచితమే. మీరు ఎవరి దగ్గర చేయాలనుకుంటున్నారో ఆ ప్రొఫెసర్ పేరు వాటిలో కొట్టి, కొత్త పేపర్లు రెండు తీసుకోండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. చివర ఇచ్చిన పాత పేపర్లలో రెండింట్లోనూ ఉన్నవేవో రాసుకోండి, చదవడం వాటితో మొదలుపెట్టండి. యూనివర్సిటీ మెయిల్ ఐడీ రాగానే, లైబ్రరీ లాగిన్ తార్నాక నుంచి పనిచేస్తోందో లేదో కూడా ఓసారి చూసుకోండి.