200 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి ప్రాక్టీసు చేసేటప్పుడు ఏం తినాలి? నా అనుభవం

నువ్వు రాసింది ఇదీ: గుంటూరులో ఉంటావు, 200 కి.మీ. బ్రెవెకి, అంటే ఇచ్చిన టైంలోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్‌కి, ప్రాక్టీసు చేస్తున్నావు, పొద్దున రెండు ఇడ్లీలు తిని బయల్దేరి దారిలో నీళ్లు, కొబ్బరినీళ్లు తాగుతావు, 90 కి.మీ. దాటేసరికి కాళ్లలో సత్తువ పోతోంది, జిమ్‌లో చేరాలా, జెల్స్ (దారిలో పిండుకుని మింగే చక్కెర పాకంలాంటి ప్యాకెట్లు) కొనాలా అని అడిగావు. 24 ఏళ్లన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను. నాకు 43, విజయవాడ, ఆరేళ్లుగా లాంగ్ రైడ్లు చేస్తున్నాను. నీ కాళ్లకేం కాలేదు తమ్ముడూ. నువ్వు ఆకలితో తొక్కుతున్నావు, అంతే.

నాకూ ఇదే జరిగింది. మొదటిసారి మంగినపూడి బీచ్ దాకా వెళ్లి రావాలనుకున్నాను. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం, రానూపోనూ 160 దాకా అవుతుంది. పొద్దున్నే పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి కడుపునిండా తిన్నాను, ఇంక మధ్యాహ్నం దాకా చూసుకోనక్కర్లేదనుకున్నాను. వెళ్లేటప్పుడు గుండెల్లో మంట తప్ప బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో పామర్రు ఇంకా రాకముందే చేతులు వణకడం మొదలైంది. గేరు మార్చాలని తెలుస్తోంది, వేలు కదపబుద్ధి కావడం లేదు, ఎందుకో తెలియకుండా ఏడుపొస్తోంది. సైకిల్ పక్కన పడేసి చెట్టు కింద కూర్చుండిపోయాను. అక్కడ చెరకురసం బండి ఆవిడ నా మొహం చూసి డబ్బుల మాటెత్తకుండా రెండు గ్లాసులు వరసగా తాగించింది. ఇరవై నిమిషాల్లో లేచి నిలబడ్డాను, మెల్లగా ఇంటికొచ్చాను. ఆవిడ ఆ పూట నాకు నేర్పింది ఏ కోచ్ దగ్గరా నేర్చుకోలేదు.

జరిగేదేమిటంటే, కండరాల్లో, లివర్లో దాచుకున్న చక్కెర, అదే గ్లైకోజెన్, గట్టిగా తొక్కితే గంటన్నర రెండు గంటలకు బాగా తగ్గిపోతుంది, నిదానంగా తొక్కితే ఇంకాస్త ఎక్కువసేపు వస్తుంది. ఆ తర్వాత ఒంట్లో కొవ్వు ఎంతున్నా అది ఆ వేగానికి సరిపడా త్వరగా అందదు. అందుకే ఆకలేశాక తినడం కాదు, ఆకలి వేయకముందే తినాలి. నేను తొక్కడం మొదలుపెట్టిన అరగంటకు మొదటి ముద్ద నోట్లో వేసుకుంటాను, ఆ తర్వాత ప్రతి అరగంటకూ ఫోన్‌లో అలారం. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లెక్క. రేసులు తొక్కేవాళ్లు 90 దాకా తీసుకుంటారు, కానీ దానికి కడుపును వారాల తరబడి అలవాటు చేయాలి. నువ్వు 30తో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పో.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. రెండు ఇడ్లీలంటే 20, 25 గ్రాముల పిండిపదార్థం. కొబ్బరికాయ నీళ్లలో ఉండే చక్కెర పది పన్నెండు గ్రాములు మించదు. నాలుగు గంటలు తొక్కడానికి ఇదేం సరిపోతుంది? పైగా కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. నేను ఇంటికొచ్చేసరికి హెల్మెట్ పట్టీ అట్టముక్కలా బిగుసుకుపోతుంది, నల్ల జెర్సీ వీపు మీద తెల్లటి చారలు కడతాయి, వేలితో గీకితే ఉప్పు రాలుతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మరీ ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మంచిదే, లీటరులో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది, కానీ గ్లూకోజ్ 13.5 గ్రాములే, దాన్ని తిండి లెక్కలో వేసుకోకు.

నా బాటిల్ చెప్తాను: 750 మి.లీ. నీళ్లలో మూడు టేబుల్ స్పూన్ల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ. సుమారు 40 గ్రాముల చక్కెర. మన పంచదారలో గ్లూకోజ్ సగం, ఫ్రక్టోజ్ సగం, రెండూ పేగుల్లోంచి వేరే వేరే దారుల్లో ఒంట్లోకి వెళతాయి కాబట్టి రెండూ కలిస్తే ఎక్కువ అరుగుతుంది. చాలా జెల్స్ వెనక ఉన్నదీ ఈ సూత్రమే. ఒక్కో జెల్‌లో 20, 25 గ్రాములుంటాయి, అంటే ఒక అరటిపండంత. కొనడం తప్పు కాదు, వర్షంలో, రాత్రిపూట చాలా సుఖం. కానీ ఇంతకుముందు నోట పెట్టనిదాన్ని బ్రెవె రోజే మొదటిసారి తినకు. నేను ఒక 200లో 120 దగ్గర ఎవరో ఇచ్చారని రెండు జెల్స్ వెంటవెంటనే మింగి నీళ్లు తక్కువ తాగాను, మిగతా 80 కి.మీ. కడుపు పట్టుకుని తొక్కాను.

జేబులో నేను పెట్టుకునేది చక్కెర పొంగలి ముక్కలు. పండక్కి వండేలా కాదు: 150 గ్రాముల బియ్యం మెత్తగా ఉడికించి, 120 గ్రాముల బెల్లం, ఒకటే చెంచా నెయ్యి, ఉప్పు కాస్త నోటికి తగిలేలా. పెసరపప్పు, జీడిపప్పు వేయను. రాత్రే ప్లేటులో పరిచి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి బిగుస్తుంది, పది ముక్కలు కోసి బటర్ పేపర్‌లో చుడతాను, రెండు చివర్లూ చాక్లెట్‌కి తిప్పినట్టు తిప్పితే ఒక చేత్తో, పళ్లతో లాగి విప్పుకోవచ్చు. ఒక్కోదాంట్లో 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం. పదకొండు లోపు తినేయాలి, మన ఎండకు ఆగదు. పల్లీపట్టి నాకు ఇష్టమే కానీ మార్చి దాటాక జేబులో బెల్లం కరిగి ముద్దవుతుంది, పైగా పల్లీల్లో కొవ్వు, అరగడానికి టైం పడుతుంది. బందరు లడ్డూ కూడా అంతే. మచిలీపట్నం వెళ్తే పెట్టె కొనుక్కో, తినేది మాత్రం ఇంటికొచ్చాకే.

ఎండ ముదిరేకొద్దీ రక్తం చర్మం వైపు, కండరాల వైపు పోతుంది, పేగులకు తక్కువ అందుతుంది, అరుగుదల తగ్గుతుంది. కాబట్టి గట్టి తిండి పొద్దున గంటల్లో, తొమ్మిది దాటాక ఎక్కువగా బాటిల్, చెరకురసం, ఉప్పేసిన పల్చటి మజ్జిగ. చెరకురసంలో ఐస్ వద్దను, ఆ నీళ్లు ఎక్కడివో మనకు తెలియదు.

కారం సంగతి గుంటూరు వాడికి చెప్పడం కష్టమే కానీ చెప్పక తప్పదు. ముందురోజు రాత్రి గోంగూర, వేపుళ్లు, బిర్యానీ మానేసి అన్నం, పప్పుచారు, పెరుగు తిను. బయల్దేరడానికి గంటన్నర ముందు నాలుగైదు ఇడ్లీలు, చట్నీ బదులు తేనె గానీ పంచదార గానీ. తెల్లవారుజామున మూడున్నరకు ఇడ్లీ ఎవరు వేస్తారంటే రాత్రివి వేడి చేసుకో, లేదా బ్రెడ్, జామ్. హ్యాండిల్ మీదికి వంగి గంటలు గంటలు తొక్కుతుంటే కారం, నూనె పైకి తన్నుతాయి, ఆ రోజు పెసరట్టుతో నాకైంది అదే.

200 బ్రెవెకి పదమూడున్నర గంటల టైం ఉంటుంది, అది రేసు కాదు. మధ్యలో ఒకచోట కూర్చుని ఉప్పేసిన పెరుగన్నం ప్రశాంతంగా తిను, మీల్స్ ఆర్డర్ చేసి కూరలన్నీ లాగించకు. షుగర్, బీపీ, కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే ఈ పంచదార, ఉప్పు లెక్కలు డాక్టర్ని అడిగాకే.

ఈ ఆదివారం పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లి రా, రానూపోనూ 120 దాకా ఉంటుంది. బయల్దేరే ముందు, వచ్చాక ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకో. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమటకు బదులు తాగలేదని అర్థం, పెరిగితే అవసరానికి మించి తాగావని. ఆ రెండు బరువులూ, ఎన్ని బాటిళ్లు తాగావో, ఏ కిలోమీటర్ దగ్గర ఏం తిన్నావో ఇక్కడే రాయి తమ్ముడూ, తర్వాతి వారానికి ఎంత పెంచాలో చెప్తాను.