కరిగించిన గొలుసు, ముభావంగా అత్తగారు

ప్రశ్న: మాది విజయవాడ. సింగపూర్‌లో ఉద్యోగం. మావారిది మలేషియాలో సరవాక్ రాష్ట్రంలోని సిబూ, ఫూచౌ చైనీస్ కుటుంబం. పెళ్లిలో అత్తగారు వేసిన గొలుసు పాత మోడలని కరిగించి నెక్లెస్ చేయించుకున్నాను. అప్పట్నుంచి ఆవిడ ముభావంగా ఉంటున్నారు. పాప గాజులు జాగ్రత్తగా ఉన్నాయా అని పదే పదే అడుగుతున్నారు. నాకు పెట్టిన బంగారం నాది కాదా? అంతే బరువున్న గొలుసు కొనిచ్చేస్తే గొడవ వదిలిపోతుందా?

జవాబు: మీదేనమ్మా, అనుమానం లేదు. ఆవిడ తిరిగిమ్మని అడగలేదు కూడా. పెళ్లినాటి టీ వేడుక ఒక్కసారి గుర్తుచేసుకోండి. మీరిద్దరూ రెండు చేతులా కప్పు అందిస్తే, ఆవిడ తాగి, చుట్టాలందరి ఎదుట ఆ గొలుసు మీ మెడలో వేసి ఉంటారు. మనవైపు పుట్టింటివాళ్లు ఎన్ని తులాలు పెట్టారని ఆరా తీస్తారు. అక్కడ అత్తింటివాళ్లు కోడలికి ఏం వేశారన్నది చూస్తారు. చైనీస్ న్యూ ఇయర్‌కి అందరూ చేరినప్పుడు అది మీ మెడలో కనబడాలని ఆవిడకు ఉండదా?

ఇంకొకటి. 1901లో వాంగ్ నై సియాంగ్ అనే నాయకుడి వెంట చైనాలోని ఫూచౌ నుంచి వచ్చి, రెజాంగ్ నది ఒడ్డున అడవి కొట్టుకుని బతికినవాళ్ల ఊరు సిబూ. జపాన్ ఆక్రమణలో చెలామణీ అయిన అరటిచెట్టు బొమ్మ నోట్లు 1945లో చిత్తుకాగితాలైపోయాయి. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్లకు బంగారం మీద గురి ఎక్కువే. ఆ గొలుసు ఆవిడకు ఎవరు పెట్టారో ఎప్పుడైనా అడిగారా?

కొత్త గొలుసు కొనివ్వకండి. అప్పు తీర్చి చేతులు దులుపుకున్నట్టుంటుంది. 'అమ్మే మర్చిపోతుందిలే' అని మీవారు అంటుంటే అదీ వినకండి, ఇలాంటివి అత్తలు మర్చిపోరు. పండగ దాకా ఆగితే ఆడపడుచులు, తోడికోడళ్ల మధ్య మాట పెరుగుతుంది. ముందే వెళ్లండి. నెక్లెస్ దాచకుండా పెట్టుకునే వెళ్లి, 'ఇది మీ బంగారమే. కరిగించే ముందు మీకొక మాట చెప్పాల్సింది' అనండి. భాష అడ్డమైతే మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ మాట మీరే మొదలుపెట్టండి.

గాజుల గురించి ఆవిడ భయంలో అర్థముంది. నెల నిండిన వేడుకలో పిల్లకు పెట్టినవి పిల్లవి. బిగుతైనా కరిగించకండి. ఆవిడ దగ్గరే ఉంచమంటే ఫోటో తీసుకుని ఇవ్వండి. లేదా లాకర్‌లో పెట్టి, పెట్టిన రోజే ఫోన్ చేసి చెప్పండి.